అరచేతిలో పట్టే ముచ్చట్లు

మీ హాల్లో షోకేసు ఉందా? ఒక్కసారి లేచి దాని ముందు నిలబడండి. పెళ్లికి వచ్చిన గడియారం, గృహప్రవేశానికి వచ్చిన గుర్రాల బొమ్మ, పిల్లాడి స్కూలు షీల్డులు, కవరు కూడా విప్పని ప్లాస్టిక్ పూలగుత్తి. వీటిలో ఒక్కదాన్నైనా ఈ నెలలో చేత్తో ముట్టుకున్నారా? దసరాకు దుమ్ము దులిపినప్పుడు తప్ప లేదు కదా!

ఇప్పుడు వంటింట్లోకి రండి. పోపుల పెట్టెలో ఒక బుల్లి చెంచా ఉంటుంది. అది కనబడకపోతే ఇల్లంతా తిరగేస్తారు. "నా చెంచా ఎవరు తీశారర్రా?" అని కేకలు. గడియారం ఆగిపోయి ఆరు నెలలైనా ఎవరూ పట్టించుకోలేదు, చెంచా మాత్రం పూటలోగా దొరికి తీరాలి.

ఇల్లు ముచ్చటగా ఉండాలని మనం షోకేసు నింపుతాం. ముచ్చటేమో చెయ్యి తగిలే చోట ఉంటుంది: పొయ్యి పక్కన, పూజగూట్లో, తలుపు దగ్గర మేకు కింద. అందుకే ఈ అధ్యాయంలో పట్టుకోవాల్సింది ఒకటే మాట. ఎలాగూ రోజూ వాడే చిన్న వస్తువునే అందమైనదిగా చూసి తెచ్చుకోండి. పల్నాడులో ఉండేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటూ సంక్రాంతికి నరసరావుపేటలో దిగేవాళ్లకూ పనికొస్తుంది.

1. పర్సు తీయకముందు చేతిని గమనించండి

ఒక రోజంతా మీ చెయ్యి ఎక్కడెక్కడికి పోతోందో చూడండి. పొద్దున అగ్గిపెట్టె, కాఫీపొడి చెంచా, దువ్వెన, స్కూటరు తాళం, కళ్లజోడు. మధ్యాహ్నం ఉప్పు డబ్బా. రాత్రి బీపీ మాత్ర, ఫోను చార్జరు. కాగితం మీద రాసుకోండి. అందులో మిమ్మల్ని బాగా విసిగించే మూడింటికి చుక్క పెట్టండి. తాళం వేళకు కనబడదు. మాత్రల అట్ట ఏ దిండు కిందో నలుగుతుంటుంది. వాన పడితే ఉప్పు గడ్డకడుతుంది. మీరు వెతకాల్సినవి ఈ మూడే. తాళాలు పడేసే గిన్నె, మాత్రల భరిణె, ఉప్పు జాడీ.

"ఏదన్నా బాగున్నది కనబడితే కొందాం" అని బజారుకు బయల్దేరేవాళ్లు సంచి నింపుకొస్తారు. "తాళాలకు గిన్నె కావాలి, జానెడు మించకూడదు" అని బయల్దేరేవాళ్లు ఒక్కటే తెస్తారు, అది పదేళ్లుంటుంది. రెండో రకం వాళ్లకే కొట్టువాడు లోపలి అలమరలో ఉన్న మంచి సరుకు తీసి చూపిస్తాడు. గమనించారా?

2. బజారుకన్నా ముందు అటక ఎక్కండి

మీ అమ్మగారింటి అటక మీద ఏముందో ఆఖరిసారి ఎప్పుడు చూశారు? మరచెంబు, సున్నపు కాయ, అడకత్తెర, కుంకుమ భరిణె, ఉగ్గు గిన్నె, గిద్ద, సోల, కవ్వం, వామనగుంటల పీట. సగం ఇళ్లలో ఇవన్నీ ఒక గోనెసంచిలో మూతి కట్టేసి ఉంటాయి. వీటికి పాత పని పోయింది. కొత్త పని మీరివ్వాలి.

సున్నపు కాయనే తీసుకోండి. అరచేతిలో ఇమిడే గుండ్రటి ఇత్తడి డబ్బీ, బిగువుగా కూర్చునే మూత. పిడుగురాళ్ల బట్టీల సున్నం తాంబూలంలోకి వెళ్లిన రోజుల్లో అది నడుముకున్న సంచిలో ఉండేది. ఇప్పుడు తాంబూలం పెళ్లిళ్లకే పరిమితమైంది. కాయను వేడినీళ్లలో నానబెట్టి, పాత సున్నం పొరను పుల్లతో తీసేసి, రెండు మూడుసార్లు కడిగి ఆరబెడితే చెవిదిద్దులకూ పిన్నులకూ పనికొస్తుంది. మాత్రలు వేయాలంటే అట్టతో పాటే వేయండి, విడిగా వద్దు.

గిద్ద, సోల ఉంటే ఇంకా సరదా. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మీ బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ గ్లాసు తీసేసి సోల పడేయండి. రోజుకు ఎన్ని సోలలు పోయాలో రెండు రోజుల్లో చేతికి తెలిసిపోతుంది. పిల్లలకు లెక్కలూ వస్తాయి. మరచెంబును మంచం పక్కన పెట్టుకోండి. మర బిగిస్తే చీమ కూడా దూరదు. రైలు ప్రయాణాలకు చేయించుకున్నది మరి!

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వీధిలోకి "పాత ఇత్తడికి కొత్త స్టీలు" అంటూ బండి వస్తుంది. కేజీల లెక్కన తూచేసి, చేతిలో ఒక స్టీలు బేసిన్ పెట్టి వెళ్లిపోతాడు. తూకంలో పోయేది లోహం ధర మాత్రమే. ఉగ్గు గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలుంటాయి చూడండి, మీ తాతమ్మ పేరో, పెట్టినవాళ్ల పేరో, ఒక్కోసారి తేదీ కూడా. ఆ అక్షరాలకు తూకంలో రేటు లేదు. బేసిన్ కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోండి, గిన్నె ఇవ్వకండి.

శుభ్రం చేయడం తేలిక. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి రుద్ది, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంటే మచ్చలు పడతాయి. పేరున్న చోట స్టీలు పీచు పెట్టొద్దు, మెత్తటి బట్ట చాలు. ఇంకొక్క మాట. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాయొద్దు, పెరుగు నిల్వ ఉంచొద్దు, పచ్చడి పెట్టొద్దు. పులుపు తగిలితే ఇత్తడి కిలుముతుంది. కళాయి పోసేవాళ్లు దొరకడం కష్టమవుతోంది కాబట్టి, అలాంటి గిన్నెలను పొడి వస్తువులకే వాడుకోవడం మంచిది.

ఇవన్నీ చాదస్తం అనిపిస్తోందా? అహ్మదాబాద్‌లో విశాలా అనే భోజనశాల పక్కన 1981లో పాతకాలపు పాత్రలకే ఒక మ్యూజియం పెట్టారు. పేరు వేచార్. వేల కొద్దీ చెంబులు, అడకత్తెరలు, డబ్బాలు ఉంటాయి. జనం టిక్కెట్టు కొని మరీ చూస్తారు. మీకు అటక మీదే ఉంది, నిచ్చెన ఒక్కటే కావాలి.

3. తిరునాళ్లలో కాళ్లకు కాదు, కళ్లకు పని చెప్పండి

మహాశివరాత్రికి కోటప్పకొండ, కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలు, ఎక్కడికక్కడ ఊళ్ల కొలుపులు. మనకు తిరణాలలకు లోటేముంది? అసలు చిక్కు వెళ్లే వేళతోనే. శివరాత్రి రాత్రి ప్రభల వెలుగులో, ఆ తోపులాటలో, ఒక భుజాన పిల్లాడితో మీరు మట్టి పిడత ఎలా పరీక్షిస్తారు? దర్శనం, ప్రభలు ఒక పూట. కొనుగోలు ఇంకో పూట. ముందు రోజు పగలు వెళితే సరుకు నిండుగా ఉంటుంది. మర్నాడు పొద్దున వెళితే ధర దిగుతుంది, మూట కట్టుకుని తీసుకెళ్లడం కన్నా అమ్ముకోవడమే నయం కదా వాళ్లకు. మంచి రకం కావాలో, తక్కువ ధర కావాలో ముందే తేల్చుకోండి. రెండూ ఒకే పూట దొరకవు.

మట్టి వస్తువు పట్టుకున్నప్పుడు మూడు పనులు చేయండి. వేలి కణుపుతో తట్టండి. ఖంగుమంటే బాగా కాలింది. మందంగా మోగితే ఎక్కడో పగులుంది. తర్వాత లోపలి వైపు వేలితో రాయండి. పొడి రాలితే పచ్చిది. చివరికి నోరు తెరిచి అడగండి: "ఇది వంటకా, నీళ్లకా, ఊరికే బొమ్మకా?" రంగు వేసినవి బొమ్మకే. వాటిలో పెరుగు తోడుపెట్టొద్దు. ఇంటికి తెచ్చాక మామూలు పిడతను ఒక రాత్రంతా నీళ్లలో మునిగేలా నానబెట్టి, ఆరాక వాడండి.

బేరం ఎలా ఆడాలి? ఇలా:

"పెద్దమ్మా, ఈ ఉప్పు పిడత ఎంత?"

"నలభై తల్లీ. మూత కూడా ఉంది చూడు."

"మూడు తీసుకుంటాలే. ఎంతకిస్తావు?"

"మూడూ కలిపి వందియ్యి. ఇంక అడగమాక."

అడగమాకండి. మట్టి తవ్వి, తొక్కి, సారె మీద తిప్పి, కాల్చి, లారీలో పగలకుండా తెచ్చిన వస్తువది. ఒకేసారి మూడు కొంటే మీకు దిగాల్సిన ధర దిగింది. అక్కడితో ఆగితే ఆవిడే మీకు పగులు లేనిది ఏరి ఇస్తుంది. ఇంకా లాగితే చేతికందిందే చుట్టి ఇస్తుంది.

మీ ఇంట్లో పిల్లలుంటే ఇంకో సరదా. పెద్ద ప్రభల దగ్గర కాసేపు నిలబడి, వెదురు బద్దలు ఎలా వంచారో, తాళ్లు ఎక్కడ కట్టారో ఫోన్లో ఫొటోలు తీయండి. ఇంటికొచ్చాక చీపురు పుల్లలు, రంగు కాగితాలు, ఒక చిన్న సీరియల్ లైటుతో మూరెడు ప్రభ కట్టించండి. పూజగూటి పక్కనో, పిల్లల బల్ల మీదో రాత్రిపూట దీపంగా ఉంటుంది. వంకరగా వచ్చినా సరే, సరిచేయొద్దు.

4. మన రాయిని మనమే మర్చిపోయాం

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువ చెబుతాను.

మాచర్లకు దగ్గర్లోనే దుర్గి ఉంది. అక్కడి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మెత్తటి సున్నపురాయి కావడంతో ఉలికి బాగా లొంగుతుంది. సన్నటి నగిషీ నిలుస్తుంది. దుర్గి అనగానే మనకు గుడి విగ్రహాలే గుర్తొస్తాయి. నిజమే, వాళ్ల ప్రధానమైన పని అదే. కానీ పెద్ద విగ్రహం చెక్కాక చుట్టూ ముక్కలు మిగులుతాయి కదా? వెళ్లినప్పుడు అడగండి. "అగరొత్తులు గుచ్చుకోవడానికి చిన్న తాబేలు చెక్కిస్తారా?" "కాగితాలు ఎగరకుండా పెట్టుకునే నంది?" "తాళాల గిన్నె, అంచున ఒక లత?" ఎంత చిన్నదైతే అంత చౌక అనుకోకండి. చిన్నదానికే ఓపిక ఎక్కువ కావాలి. కొలత కాగితం మీద గీసి ఇవ్వండి, అడ్వాన్సు ఇవ్వండి, తొందరపెట్టొద్దు.

రెండోది మాచర్ల నాపరాయి. మీరు పుట్టిన ఇంట్లో నేల అదే అయ్యుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం చొక్కా విప్పి దాని మీద బోర్లా పడుకున్నవాళ్లకు నేను దాని గుణం వర్ణించక్కర్లేదు. బండలు కోసి పాలిష్ పట్టేచోట అంచు ముక్కలు పడి ఉంటాయి. నాలుగంగుళాల చదరాలు ఆరు కోయించి, అంచులు అరగదీయించండి. అడుగున పాత దుప్పటి ముక్క అంటించండి. టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి, వేడి గిన్నె దించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకాస్త సరదా కావాలంటే అడుగు చదరం బండ మీద పులిజూదం గీయించండి. పాత గుళ్ల మంటపాల్లో, రచ్చబండల మీద ఎవరో ఎప్పుడో గీసిన గళ్లు చూసే ఉంటారు. అదే నమూనా. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. అరుగు మీద పెట్టి చూడండి. కరెంటు పోయిన సాయంత్రం ఫోను పక్కన పడేసి మీ నాన్నగారు ఎదురుగా కూర్చుంటారు. ఆయన మేకల పక్షం తీసుకుంటే జాగ్రత్త, పాతకాలం వాళ్లు మేకలతో పులిని కట్టేయడంలో మహా గట్టివాళ్లు.

ఈ రెండు రాళ్లకూ ఒకటే శత్రువు, పులుపు. రెండూ సున్నపురాయి జాతే. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం కడిగే ఆసిడ్ పడితే మెరుపు పోయి తెల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. అందుకని రాతి గిన్నెలో పచ్చడి వద్దు, రాతి చదరం మీద నిమ్మకాయ కోయొద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

5. దూరపు వస్తువులు కొనేటప్పుడు

దూరపు ఊళ్ల వస్తువులను లేపాక్షి షోరూములోనో, ఎగ్జిబిషన్‌లోనో కొంటారు. కొనే ముందు కాస్త తెలుసుకోండి.

ఏటికొప్పాక వస్తువులు అంకుడు కర్రతో చేస్తారు. తిరిగే కర్రకు లక్క కడ్డీ నొక్కితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అందుకే రంగు పొరలుగా ఊడదు, గోరుతో గీకినా రాదు. పెయింటు వేసినదైతే గీకగానే రేకు లేస్తుంది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. కుంకుమ భరిణె, తాళాల గుత్తికి వేలాడే బుల్లి బొమ్మ, గిలక్కాయ కొనుక్కోండి. కిటికీలో పెట్టొద్దు. రెంటచింతల ఎండకు మనుషులే కరుగుతారు, లక్క ఒక లెక్కా!

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే ఇంతేనా అనిపించేంత తేలిక. బరువుగా ఉందంటే కర్ర వేరేదో, అసలు కర్రే కాదో. ఇది తడిగుడ్డకు పనికిరాదు, మెత్తటి బ్రష్షుతో దులపాలి.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాలు నా లెక్కలో ఈ మూడింటిలోకీ పైమెట్టు. ఎందుకంటే రోజూ వాడొచ్చు. పిడి మీద నగిషీ, నోట్లోకి వెళ్లే వైపు నునుపు. ఉప్మాకు, పెరుగుకు, పంచదార డబ్బాకు. ఒకటే నియమం, సింకులో నానబెట్టొద్దు. కడిగిన వెంటనే తుడిచి, నెలకోసారి చుక్క నూనె రాయండి. సెట్టు ఆరు కొనాలని మొహమాటపడకండి, ఒక్కటి కొనండి. ఆరు కొన్నవాళ్లు "చుట్టాలొచ్చినప్పుడు తీద్దాం" అని దాచేస్తారు. ఒకటి కొన్నవాళ్లు మర్నాడే వాడతారు.

6. "పొలంలో దొరికింది" అంటే చేతులు కట్టుకోండి

మనది నాగార్జునకొండ ఉన్న జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక అమరావతి కూడా మనలోకే వచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు జేబులోంచి పాత నాణెం, పూస, రాతి ముక్క తీసి "తక్కువకే ఇస్తాను" అంటారు. ముచ్చటగానే ఉంటుంది. కొనొద్దు. భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధి సంగతి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన పురావస్తువులు అమ్మే వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు ఉండాలి. ముచ్చట తీరాలంటే విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియంలో కడుపునిండా చూసి రండి. నచ్చిన ఆకారం కనబడితే కాగితం మీద బొమ్మ గీసుకోండి. ఆ కాగితం దుర్గిలో చూపించొచ్చు.

7. ఒకటి వస్తే ఒకటి వెళ్లాలి

కొత్త గిన్నె వచ్చిన రోజే పాత ప్లాస్టిక్ డబ్బా బయటికి. ఇందులో వివరించేదేం లేదు. పాటించడమే కష్టం.

8. ఇచ్చేటప్పుడు పనితో సహా ఇవ్వండి

గృహప్రవేశానికి గడియారం తీసుకెళ్తే ఏమవుతుందో మీకు తెలుసు. వాళ్లింట్లో అప్పటికే నాలుగుంటాయి. మీది ఐదోదై, ఇంకో గృహప్రవేశానికి బయల్దేరుతుంది. కొన్నాళ్లకు చుట్టూ తిరిగి మీ ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు.

దాని బదులు ఉప్పు నింపిన పిడత ఇవ్వండి. అగరొత్తులు గుచ్చిన రాతి తాబేలు ఇవ్వండి. మొదటి విడత సరుకు మీరే పెట్టి ఇస్తే వాళ్లు దాన్ని షోకేసులో పెట్టలేరు, వాడాల్సిందే.

ఇత్తడి, స్టీలు వస్తువైతే ఇంకో వీలుంది. కొట్టులో పేరు కొట్టిస్తారు కదా? అందరూ "ఫలానా దంపతులు, ఫలానా తేదీ" అని కొట్టిస్తారు. మీరు వేరేగా కొట్టించండి. చిల్లర గిన్నె మీద "అడగకుండా తీయొద్దు". తాళాల గిన్నె మీద "ఇక్కడే పెట్టావు, చూడు". తాతయ్య మరచెంబు మీద "రాత్రి రెండింటికి". అక్షరాలు తక్కువైతే కొట్టేవాడికీ సుఖం, మీకూ చౌక. స్పెల్లింగు మాత్రం ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ఇత్తడి మీద కొట్టేశాక దిద్దడం కుదరదు.